గడపనుంచి గడపకు

గృహానికి గడప ఎటువంటిదో గ్రంథానికి పీఠిక అటువంటిది. ఇంటిలోని సంపద గడపది కాదు. అయినా ఆ సంపద సన్నిధికి పోయే ఏ పాదమూ దానిని దాటకుండా పోలేదు. అందుచేతనే మన పెద్దలు గడపకు పసుపు పూసి, ముంగిట ముగ్గు తీర్చి, దానిమీద కూర్చోరాదనీ, దానికి అటొకరు ఇటొకరు నిలబడి ఇచ్చిపుచ్చుకోరాదనీ పిల్లలకు బుద్ధులు గరపినారు. ఎనభై నాలుగేండ్లు మీదపడి, చూపు మందగించి, అక్షరాలను భూతద్దం కింద ఒక్కొక్కటిగా పలకరిస్తున్న ఈ దశలో ఒక సద్గ్రంథానికి గడపగా నిలిచే భాగ్యం నాకు లభించింది. పాఠకమహాశయులారా, లోనికి పోయే ముందు ఈ అరుగుమీద నా పక్కన కొంచెంసేపు కూర్చోండి. ఈ ఇల్లు ఏ నేలమీద లేచిందో, దీని పునాదిరాళ్ళు ఎవరు మోసినారో, దీనిలో వెలిగే దీపానికి చమురు ఎక్కడిదో నాలుగు మాటలు చెప్పి మిమ్ములను లోపలికి పంపుతాను.

ఈ గ్రంథకర్త్రి నా శిష్యురాలు. ముప్ఫై ఏండ్లకు పూర్వం తిరుపతిలో నా తరగతిలో ముందు వరుసన కూర్చుని ఛందస్సు నేర్చిన బాలిక, నేడు పుత్తూరు ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు బోధిస్తున్న ఉపాధ్యాయిని. అత్తమామలు, భర్త, ఇద్దరు బిడ్డలు గల గృహిణి. వేసవి సెలవులలోనూ దసరా సెలవులలోనూ సంఘ యువజనులతో, ఒకరిద్దరు వైద్యులతో కలిసి సత్యవేడు, వరదయ్యపాళెం, సూళ్ళూరుపేట ప్రాంతాల పల్లెలకు సేవాయాత్రలు పోయివచ్చే పరిచారిక. తన ఇంటిలోనూ, ఆ దారులలోనూ తనకు బోధపడిన విశ్వాసపాఠాలను పదహారు వ్యాసాలుగా కూర్చి, కార్తీకమాసపు ఆరంభంలో ఒక ముసురు సాయంకాలం ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చి, ‘అయ్యవారూ, మీరు నాలుగు మాటలు రాయాల’ అని నా చేతిలో పెట్టింది. పది రోజుల్లో రాస్తానని మాట ఇచ్చినాను. మాట తప్పి నెలన్నర గడిపినాను. ఆ ఆలస్యానికి హేతువు ఈ గ్రంథంలోనే ఉన్నది. దానిని చివర విన్నవిస్తాను.

తిరుపతి అనగానే లోకానికి స్ఫురించేవి ఏడుకొండలు. ఈ ఊరిలో పుట్టి పెరిగిన క్రైస్తవునికి సైతం దిక్కులు తెలిపేవి ఆ కొండలే. తెల్లవారుజామున సుప్రభాతం చెవిన పడిన తరువాతనే మా ఇంట ఉదయప్రార్థనకు చాప పరిచేవారు. నాకు ఆంధ్రభాషామర్మాలు ఉపదేశించిన గురువర్యులు శ్రీవైష్ణవులు. నిష్ఠాగరిష్ఠులైన ఆ మహనీయులు తమ ఇంటి తిన్నెమీద నన్ను కూర్చోబెట్టుకుని అమరం వల్లె వేయించినారు. నా విశ్వాసం మా నాయన ఇచ్చినది. నా భాష ఆ గురుమూర్తి ఇచ్చినది. ఈ రెండు ఋణాలూ నాలో ఏనాడూ కలహించలేదు. ఈ గ్రంథాన్ని చదువుతున్నంతసేపూ ఆ ఇద్దరూ నాకు ఇరుపక్కలా కూర్చున్నట్టే తోచింది.

ఈ సీమలో లూథరన్ పరిచర్య పుట్టువు వింతైనది. జర్మనీలోని లూనెబర్గ్ బీడుభూముల నడుమ హెర్మన్స్‌బర్గ్ అనే పల్లెటూరిలో లూయీ హార్మ్స్ అనే సంఘకాపరి 1849లో ఒక మిషనును నెలకొల్పి, రైతుబిడ్డలకు, చేతిపనివారికి శిక్షణ ఇచ్చి, వారిని దేశాంతరాలకు పంపడానికి విరాళాలతో ఒక ఓడనే కట్టించినాడు. ఆ మిషను పక్షాన ఆగస్టు మిలియుస్ 1865లో తెలుగునాట అడుగుపెట్టినాడు. సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి అంటూ ఆ పరిచర్య క్రమక్రమంగా పాకింది. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు ఆ పటాన్ని చూసి నేను విస్మయపడినాను. ఆ పాత మిషను క్షేత్రంలోని ఊళ్ళే ఇంచుమించుగా ఈ కొత్త జిల్లాలో ఒక్కచోట చేరినవి. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి జర్మనులు శత్రుదేశీయులైనప్పుడు ఆ పని అమెరికాలోని ఒహాయో లూథరనుల చేతికి మారింది. కాలక్రమాన తిరుపతి కేంద్రంగా దక్షిణాంధ్ర లూథరన్ సంఘంగా స్థిరపడింది. దొరలు ఒక ఓడలో వచ్చి మరొక ఓడలో వెళ్ళిపోయిన ఆ సంధికాలంలో ఈ పల్లెలలో విశ్వాసాన్ని నిలిపినది ఏది? సాయంత్రం కిరసనాయిలు బుడ్డి వెలిగించి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, చదువురాని తల్లి సయితం కంఠపాఠంగా నడిపిన కుటుంబప్రార్థన. మిషను చరిత్రలు రాసినవారు ఆ బుడ్డిదీపాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నా శిష్యురాలు తీసుకున్నది. ఈ గ్రంథానికి నేను ప్రథమతాంబూలం ఇచ్చేది అందుకే.

కుటుంబమూ పరిచర్యా వేరువేరు కావని చెప్పడానికి మన చిత్తూరు సీమకంటె గొప్ప నిదర్శనం వెదకనక్కరలేదు. చిత్తూరు ఉత్తర ఆర్కాడు జిల్లాలో భాగంగా ఉన్న రోజులలో, 1853లో ఆర్కాట్ మిషను ఏర్పడినప్పుడు, దానిని నెలకొల్పినవారు ముగ్గురు అన్నదమ్ములు. హెన్రీ స్కడ్డర్ వేలూరిలోను, విలియం చిత్తూరులోను, జోసెఫ్ ఆరణిలోను నిలిచినారు. 1819లో సింహళానికి వచ్చిన వైద్యుడు జాన్ స్కడ్డరు కుమారులు వీరు. ఆయన ఏడుగురు కుమారులూ ఈ దేశపు సేవకే వచ్చినారు. నాలుగు తరాలలో ఆ వంశీయులు నలభైమందికి పైగా ఈ మార్గాన నడిచినారు. ఆ జాన్ స్కడ్డరు మనుమరాలే 1870లో రాణిపేటలో జన్మించిన ఐడా స్కడ్డర్. ఆమె చదువు ముగించుకుని ఈ దేశానికి వచ్చినది పరిచర్య కోసం కాదు, వ్యాధిగ్రస్తురాలైన తల్లికి ఉపచారం చేయడం కోసం. తల్లి కోలుకోగానే అమెరికాకు మరలిపోవాలన్నదే ఆమె సంకల్పం. దిండివనంలో ఒక రాత్రి, ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురు పురుషులు ఆమె గడపముందు నిలిచి, ప్రసవవేదన పడుతున్న తమ భార్యలకు సాయం రమ్మని వేడుకున్నారు. తండ్రి వైద్యుడే, కాని పురుషవైద్యుని లోనికి రానిచ్చే ఆచారం ఆ ఇండ్లలో లేదు. ఆమెకు వైద్యం రాదు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు తల్లులూ మరణించినారు.

తన తల్లి కోసం వచ్చిన బిడ్డ పరుల తల్లుల కోసం నిలిచిపోయిన కథ ఇది. ఆమె 1899లో కార్నెల్‌లో వైద్యవిద్య ముగించి, మరుసటి ఏడు వేలూరికి వచ్చి, తండ్రి ఇంటిలోని ఒక చిన్న గదిలో ఒక్క మంచంతో వైద్యం ప్రారంభించింది. 1902లో నలభై పడకల ఆస్పత్రి, 1918లో మహిళల వైద్యపాఠశాల వెలిసినవి. నడుమ మొదలైన దారిపక్క వైద్యం మరీ చెప్పుకోదగినది. గుడియాత్తం దారిలో చెట్టుకింద బండి ఆపి, మందుల పెట్టె తెరిచి, అక్కడ చేరిన పల్లెజనానికి ఆమె చికిత్స చేసేది. నేటికీ మన చిత్తూరు పల్లెలలో జబ్బు ముదిరితే ‘రాయవేలూరుకు ఎత్తుకపోండి’ అనేమాట ఎంత సహజంగా వస్తుందో మీరెరుగుదురు. ఆ మాటకు మూలం ఒక కూతురు తల్లి మంచంపక్కన గడిపిన దినాలు. గృహధర్మం పరిపక్వమై దారిధర్మం అవుతుందనే ఈ గ్రంథసారాన్ని ఐడా జీవితం నూరేండ్ల కిందనే రుజువు చేసింది.

మదనపల్లె చెంత ఆరోగ్యవరం గురించి నేను తటస్థంగా రాయలేను. వివిధ మిషనులు ఒక్కటై 1915లో నెలకొల్పిన ఆ క్షయవైద్యశాలకు ఆద్యుడు డెన్మార్కు దేశీయుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్. ఆయన తరువాత ఆ దీక్షను కొనసాగించినవాడు ఆయన కుమారుడు యొహానెస్. 1950వ దశకంలో ఆ కుమారుడు మదనపల్లె చుట్టుపట్ల పల్లెలలో ఇల్లిల్లూ లెక్కించి, ఎక్స్‌రే పరీక్షలు జరిపి, క్షయ ఒక సమాజంలో ఎట్లా పాకుతుందో తేల్చిన అధ్యయనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఒక శాస్త్రం తండ్రినుంచి కొడుకుకు, గడపనుంచి గడపకు నడిచిన దృష్టాంతం అది. 1953లో మా అక్కను ఆ ఆస్పత్రిలో చేర్పించినారు. నాకప్పుడు పన్నెండేండ్లు. గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే పొడవైన వసారాలు, వరుసగా తెల్లని మంచాలు, మధ్యాహ్నం విశ్రాంతివేళ ఆకు రాలినా వినిపించే నిశ్శబ్దం, ఒక నర్సమ్మ మా అక్క పక్కన ముక్కాలిపీట వేసుకుని ఆమె చెప్పినది చెప్పినట్టు మా అమ్మకు ఉత్తరం రాయడం నా కండ్లలో నేటికీ చెరగలేదు. తొమ్మిది నెలలకు అక్క కోలుకుని ఇల్లు చేరింది. కాని వీధిలో ఎవరూ మా గడప తొక్కలేదు; క్షయ అన్న మాటకే జనం తొలగిపోయే రోజులవి. వారంరోజుల తరువాత ఒక ఉదయం మా గురువుగారు తామే నడిచివచ్చి, గడప దాటి లోపల కూర్చుని, ‘అమ్మాయీ, దాహంగా ఉంది, కాసిని మంచినీళ్ళు ఇయ్యి’ అన్నారు. అక్క చేతులు వణుకుతూ ఇచ్చిన చెంబెడు నీళ్ళూ ఆయన పూర్తిగా తాగినారు. ఎవరింటా పచ్చినీరు ముట్టని శ్రోత్రియులు! ఆనాటి సాయంత్రం నుంచే వీధివారు రావడం మొదలుపెట్టినారు. మా నాయన ఆ రాత్రి కుటుంబప్రార్థనలో వాక్యం చదవలేదు. ఆ చెంబును ముందర పెట్టి, ‘ఇయ్యాల పాఠం ఇదే’ అన్నాడు.

ఇంటిలో కనిపించినదానిని పాఠంగా గ్రహించే ఆ దృష్టియే ఈ గ్రంథానికి ప్రాణం. తొలి తొమ్మిది వ్యాసాలు ఇంటివి. వాటిలో ‘అవ్వ దోసిలి’ అన్న వ్యాసాన్ని నేను మూడుమార్లు చదివించుకున్నాను. రచయిత్రి అవ్వ శ్రీకాళహస్తి చుట్టుపట్ల పల్లెలలో బైబిలు స్త్రీగా తిరిగిన పుణ్యాత్మురాలు. చంకన సంచి, చేతిలో కర్ర, కాళ్ళకు చెప్పులు లేకుండా రోజుకు మూడు నాలుగు ఊళ్ళు నడిచి, ఆడవారికి యేసు కథలు చెప్పి, పలకమీద అ ఆలు దిద్దించేదట. అగ్రవర్ణాల వీధులలో ఆమెను గడప దాటనిచ్చేవారు కారు. ఎండలో వాకిట నిలబడి పాఠం చెప్పి, దాహం వేస్తే దోసిలి పడితే, పైనుంచి ఎత్తిపోసేవారు. ఆ దోసిలి చాపడం అవమానం కాదా అని మనుమరాలు అడిగినప్పుడు ఆమె ఇచ్చిన జవాబును రచయిత్రి అలంకారం లేకుండా రాసింది: ‘అవమానమే. కానీ నేను పోకుంటే ఆ బిడ్డకు అక్షరం ఎవురు నేర్పుతారు?’ అవమానాన్ని అవమానమని ఒప్పుకుంటూనే కర్తవ్యాన్ని విడవని ఆ వృద్ధురాలి నోటిమాటలో నేను అధ్యయనం చేసిన పెక్కు వేదాంతగ్రంథాలలో లేని బరువున్నది. విదేశీయుల పేర్లు శిలాఫలకాలకెక్కినవి. ఈ అవ్వల పేర్లు సంఘపు రిజిస్టర్లలో సైతం లేవు. జీతం అందీ అందక, కీర్తి ఊసు లేక, ఒక జీవితకాలం నడిచిన ఆ పాదాలకు తెలుగులో దక్కిన కొద్దిపాటి నమస్కారాలలో ఈ వ్యాసం ఒకటి.

మరొక వ్యాసం సంగటిని గురించినది. కరువు ఏండ్లలో ఆమె నాయన రాత్రివేళ రాగిసంగటిని ముద్దలు చేసే తీరును ఎంతో సూక్ష్మంగా వర్ణించింది. నీళ్ళలో అరచేయి తడిపి, కుండలోనుంచి వేడివేడిగా సంగటి తీసి, మొదటి ముద్ద ఇంటికి వచ్చిన అతిథికి, తరువాతివి పిల్లలకు, ఆపైన భార్యకు, కుండ అడుగున తెడ్డుకు అంటుకున్నది తనకు. పిల్లలు గమనించకుండా ఉండడానికి ఆయన ఆ కొంచెంలోనే ఊరిబిండి కలుపుకుని, నిండు ముద్ద తిన్నవానివలె నిదానంగా, తృప్తిగా తినేవాడట. తండ్రి అన్న సంబోధనతో దేవుని ప్రార్థించడం తనకు ఏ ఆదివారపు బడిలోనూ అర్థం కాలేదనీ, ఆ తెడ్డును చూసిన రోజున అర్థమయిందనీ ఆమె రాసింది. భక్తిసాహిత్యంలో ఉపమానం తరచుగా బోధ వెనుక నడిచే దాసి. ఈ వ్యాసంలో సంగటికుండయే ముందు నడిచింది.

పరిచర్యయాత్రలను గురించిన ఏడు వ్యాసాలు గ్రంథంలోని ఉత్తరార్ధం. యాత్రారచనకు మన ప్రాంతంలో పూర్వులు లేకపోలేదు. మదనపల్లెలో దీర్ఘకాలం పనిచేసి 1908లో అక్కడనే కన్నుమూసిన జేకబ్ చాంబర్లేన్, 1863లో కొందరు దేశీయ సహచరులతో బయలుదేరి, నిజాం రాజ్యం మీదుగా గోదావరీతీరారణ్యాల దాకా సుమారు 1200 మైళ్ళు పర్యటించినాడు. ఆ యాత్రానుభవాలను ఇంగ్లీషులో గ్రంథస్థం చేసినాడు. పెద్దపులుల అడవులు, గోదావరి వరదలు గల ఆ కథనం రోమాంచకమే. కాని ఆయన పక్కనే నడిచి, అదే వరదలో తడిసి, అదే జ్వరంతో వణికిన తెలుగు సహచరులు తమ కథను తాము రాసుకోలేదు. నా శిష్యురాలి పుస్తకంలో వ్యాను నడిపిన కుర్రవాని పేరు ఉన్నది. ముప్ఫైమందికి కట్టెలపొయ్యిమీద వండిపెట్టిన వంటమనిషి పేరు ఉన్నది. మందుల పెట్టెను చెరువుకట్టమీద తలకెత్తుకుని మోసిన పల్లెవాసి పేరు ఉన్నది. యాత్ర ఒక్కరిది కాదనే సత్యాన్ని ఆమె పేర్లు రాసి చెప్పింది.

సూళ్ళూరుపేట దగ్గరి ఒక యానాది పాళెంలో జరిగిన సంఘటన ఈ భాగానికి శిఖరం. శ్రీహరికోట దీవిలోనూ పులికాటు తీరాలలోనూ తరతరాలుగా అడవినీ నీటినీ నమ్ముకుని బతికిన ఆ జాతివారు నేడు రోడ్డుపక్క గుడిసెలలో, రొయ్యల గుంటల పనులలో కాలం వెళ్ళదీస్తున్నారు. యువజనులు మూటలు విప్పి బట్టలు పంచుతుండగా ఒక ముసలాయన తనకు అందిన చొక్కాను మడతపెట్టి తెచ్చి, ‘అమ్మా, నాకొకటి ఉండాది. నువ్వు నన్ను అడగలా. మా తమ్మునికి లేదు, ఆయనకీ’ అని తిరిగి ఇచ్చినాడట. రచయిత్రి ఈ ఘట్టంలో తనను తాను కాపాడుకోలేదు. తన తల్లి ఇంటికి ఎవరు వచ్చినా ముందుగా ‘నీళ్ళు తాగుతావా నాయనా’ అని అడిగేదనీ, అడిగి, జవాబు విని, అప్పుడే లోపలికి పోయేదనీ, ఆ ఒక్క ప్రశ్నను తాను ఇంటిలోనే వదిలి నూరు మూటలు వ్యానుకెక్కించుకుని వచ్చినాననీ ఒప్పుకున్నది. మరుసటి ఏడు వారు ఆ పాళేనికి మూటలు లేకుండా పోయినారు. చెట్టుకింద కూర్చుని ఏమి కావాలో అడిగినారు. వారు కోరినది రేషను కార్డుకు, పిల్లల బడికి కావలసిన కాగితాలు. అధికారుల చుట్టూ తిరిగి ఆ కాగితాలు తెప్పించడానికి పదకొండు నెలలు పట్టిందట. సువార్త అంటే శుభవార్త. ఎదుటివానికి ఏది శుభమో అతనినే అడిగి తెలుసుకోవడం ఆ వార్త మోసేవాని తొలి వినయం. దానం చేసే చేయి పైన ఉండడం మనకు అలవాటైపోయింది. అడిగే నోరు కింద ఉండాలనే మర్యాదను ఈ వ్యాసం మనకు నేర్పుతుంది.

ఇక భాష. తెలుగు క్రైస్తవ వాఙ్మయానికి సత్పరంపర ఉన్నది. 1803లో జన్మించిన పురుషోత్తమ చౌధరి కీర్తనలు నేటికీ ఊరూరి మందిరాలలో తాళాలతో మోగుతున్నవి. మహాకవి జాషువ ‘క్రీస్తుచరిత్ర’ 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ సత్కారం పొంది, క్రైస్తవ వస్తువు తెలుగు పద్యానికి పరాయిది కాదని నిరూపించింది. కాని వచనంలో మన భక్తిరచనలు పెక్కు అనువాదపు వాసన వదలలేదు. ‘ప్రభువునందు ప్రియులారా’ అని మొదలై, ఎవరూ మాట్లాడని వాక్యాలలో నడిచి, ఏ ఊరికీ చెందకుండా ముగుస్తున్నవి. ఈమె వచనం చిత్తూరు సీమది. కథనంలో శిష్టభాష, సంభాషణలలో అమ్మానాయనల పలుకుబడి, రెండింటి నడుమ ఎక్కడా అతుకు కనిపించదు. వాక్యాన్ని ఉదహరించే ముందు ఆమె ఒక ముఖాన్ని చూపుతుంది. అందువల్ల ఉదాహరణ వచ్చేసరికి చదువరి మనస్సు మెత్తబడి ఉంటుంది.

పీఠికాకర్త కేవలం స్తుతిపాఠకుడు కారాదు గనుక ఒక కొరతనూ చెప్పాలి. కాలనిర్దేశం పట్ల రచయిత్రికి శ్రద్ధ చాలలేదు. అవ్వ ఏ ఏట మొదలుపెట్టి ఏ ఏట నడక మానినదో, ఏ యాత్ర ఏ సంవత్సరంలో జరిగినదో పెక్కుచోట్ల లేదు. ఈ పుస్తకం రేపు చరిత్రకారునికి ఆధారం కాగలదు. ఆ బరువు దీనికి ఉన్నది కనుకనే తేదీలు అడుగుతున్నాను. రెండవ ముద్రణనాటికి ఇంటిలోని ముసలివారిని కూర్చోబెట్టుకుని అడిగి రాసుకోవలసిందని గురువుగా ఆజ్ఞాపిస్తున్నాను. వారు ఉన్నప్పుడే అడగాలి.

ఇప్పుడు నా ఆలస్యానికి హేతువు. ‘వదిన’ అనే పేరుతో గ్రంథంలో ఐదవ వ్యాసం ఉన్నది. తొలియాత్రకు బయలుదేరిన తెల్లవారుజామున వ్యాను వాకిట నిలిచి హారను మోగిస్తుండగా, రచయిత్రి తల్లి గడపకు అడ్డంగా నిలబడినదట. అంతకు మూడు నాళ్ళ ముందు ఒక ఇత్తడి బిందె విషయమై వదినతో మాటామాటా పెరిగి పలకరింపు ఆగిపోయింది. ‘ఈడ వదినతో మాట్లాడనిదానివి, ఆడ పొయ్యి ఏం చెప్తావు మే?’ అని తల్లి అడిగింది. వ్యాను పావుగంట ఆగింది. రచయిత్రి వెనుకకు మరలి, దొడ్డిలో పొయ్యి రాజేస్తున్న వదిన పక్కన కూర్చుని, ఏమి చెప్పాలో తెలియక పుల్లలు అందించడం మొదలుపెట్టింది. మూడో పుల్లకు వదిన, ‘పో పో, బండి పోతాది. కాఫీ తాగి పో’ అన్నది. బలిపీఠం ఎదుట కానుకను విడిచిపెట్టి ముందు సోదరునితో సమాధానపడి రమ్మన్న ప్రభువు ఉపదేశానికి నేను చదివిన వ్యాఖ్యానాలన్నిటిలోనూ ఈ మూడు పుల్లలే నాకు ఎక్కువ అర్థం చెప్పినవి.

ఆ వ్యాసం చదివించుకున్న రోజున నేను ఈ పీఠిక మొదటి పేరా పూర్తి చేసి ఉన్నాను. రెండవ పేరా సాగలేదు. చంద్రగిరి దగ్గర మాకు ఉన్న రెండు మళ్ళ నడుమ గెనిమ విషయమై నేనూ నా తమ్ముడూ పదకొండేండ్లుగా మాట్లాడుకోవడం లేదు. నేను పెద్దవాడిని, అతడే రావాలని కూర్చున్నాను. మందిరంలో ఎన్నో మార్లు సమాధానాన్ని గురించి ప్రసంగించినాను. ఆ వ్యాసం తరువాత కలం అక్కడే పెట్టినాను. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక నెలరోజులు గడిచినవి. మోకాళ్ళ నొప్పి అని, వానలని, నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. గడచిన వారం మనుమడిని తోడు తీసుకుని ఆటోలో చంద్రగిరి పోయినాను. తమ్ముడు వాకిట కట్టెలమంచంమీద పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయినాడు. అతని నడుము పడిపోయి రెండేండ్లయినదని నాకు తెలియదు. నేను గడప ఇవతల నిలబడి, సిద్ధం చేసుకుపోయిన మాటలన్నీ మరిచి, ‘దాహంగా ఉంది’ అన్నాను. మరదలు చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగినాను. గెనిమ మాట ఇద్దరమూ ఎత్తలేదు.

తిరిగివచ్చి ఈ మిగిలిన పుటలు చెప్పి రాయించినాను. చిరంజీవి సౌభాగ్యవతి నా శిష్యురాలికి ఆయురారోగ్యాలు, ఆమె కలానికి దీర్ఘయాత్ర, ఆమె గృహానికి సమాధానం కలుగునుగాక అని మనసారా ఆశీర్వదిస్తున్నాను. పాఠకమహాశయులారా, ఇక లోపలికి దయచేయండి.

తిరుపతి
ఆగమనకాలం